స్నానాలగదిలో నీలిమంట

వేడినీళ్ల హీటరులో మంట ఆరిపోతే తప్పు కోడలిదే. మలేసియాలోని బంటింగ్‌లో అచ్చయ్య ఇంట్లో ఇది ఎప్పుడో తేలిపోయిన సంగతి. దాని మీద ఇంక విచారణ లేదు.

ఎస్టేటు పని మానేసి పాతికేళ్లయినా, తెల్లవారుజామున హాజరు వేసే పెరట్టుకు పోవాల్సిన మనిషిలాగే ఆయన అయిదింటికి స్నానం చేస్తాడు. ఎస్టేటు కూలీల లైను ఇళ్లలో ఆయన తల్లి పొయ్యిలో నిప్పును బూడిద కింద దాచి, ఏళ్ల తరబడి ఆరనివ్వలేదట. గ్యాసు హీటరులో రాత్రింబవళ్లు వెలగాల్సిన చిన్న నీలిమంట కూడా ఆయన దృష్టిలో ఆ నిప్పే. "నిప్పు ఆర్పేసిన ఆడది ఇల్లు ఆర్పేస్తాది" అంటాడు. అందుకని కోడలు పునిత నాలుగింటికే లేచి, మీట నొక్కిపట్టి, మంట అంటించి, వేడి పోకుండా తలుపు మూసుకుని డ్రమ్ము నింపుతుంది. ఆరింటికి ఆమెకు కంపెనీ బస్సు.

"మా నాన్నతో వాదనెందుకులే? ఓపిగ్గా నొక్కిపట్టు" అన్నాడు భర్త విమలన్, దుప్పటి తీయకుండానే.

మంట అంటుకునేది. కాసేపు బుద్ధిగా నిలబడేది. డ్రమ్ము సగం నిండేసరికి పసుపుపచ్చగా సాగి, గొట్టం మూతిని వదిలి లేచి, దేనికోసమో వెతుకుతున్నట్టు అటూ ఇటూ వాలి ఆరిపోయేది. గదిలో వెంట్రుక కదిలేంత గాలి లేదు. అయినా ఎవరో పెదవులు దగ్గరకు తెచ్చి ఊదినట్టే ఉండేది. పోయిన ఏడాది అత్త దేవుడమ్మ ఈ గదిలోనే, నిండిన డ్రమ్ము పక్కన గోడకు ఆనుకుని చనిపోయింది. గుండె ఆగిందన్నారు. శవానికి నీళ్లు పోసిన ఆడవాళ్లు, "మొహం సూడండి, ఎంత ఎర్రగా కళకళలాడతందో! పసుపుకుంకాలతో పోయింది, అదృష్టవంతురాలు" అన్నారు. పునిత కూడా తలూపింది. ఇప్పుడు ఆ గదిలో ఆమె తల దిమ్మెక్కుతోంది, కాళ్లు తనవి కానట్టుంటున్నాయి. అత్త కూడా రోజూ తలనొప్పి అనేది. "పనిదొంగకి తలనొప్పి సుట్టం" అనేవాడు అచ్చయ్య. అత్త చీరలతోపాటు ఆ మాట కూడా పునితకే వచ్చింది. నాలుగోసారి అంటించేటప్పుడు ఆమె గోడవైపు తిరిగి, "అత్తా, నామీద కోపమా?" అని గొణిగేది. జవాబుగా మంట వాలేది.

"మరేటి? నీ పనికి ఓర్సుకోలేక మీ అత్తే ఊదేస్తంది" అనేవాడు బయటినుంచి మామగారు.

శనివారం పునిత ఎవర్నీ అడక్కుండా మెకానిక్ పకీరిసామిని పిలిచింది.

"అగ్గి అంటించడానికి మొగోడు కావాలేటి?" అన్నాడు అచ్చయ్య.

పకీరిసామి మంట వేడిని కనిపెట్టే తీగ మార్చాడు. గొట్టం మూతి శుభ్రం చేశాడు. సిలిండరు చూశాడు. తలుపు మూసి నీళ్లు వదిలితే మంట ఆరింది. తలుపు బార్లా తీసి వదిలితే నిలిచింది. మళ్లీ మూశాడు, మళ్లీ ఆరింది. అప్పుడతను తలెత్తి గోడ చూశాడు. కిటికీ ఉండాల్సిన చోట చెక్క కొట్టి, సందుల్లో గుడ్డలు కుక్కి, పైన సున్నం వేసి ఉంది.

"ఎవురమ్మా ఇది మూసింది?"

"మావయ్యే. గాలికి మంట ఆరిపోతందని. అయిదేళ్లయినాది."

"హీటరు మంచిదేలే. గదిలో గాలి సెడిపోతే మనిషిని కాపాడ్డానికి ఈ కొత్త రకం తనే ఆరిపోద్ది. పాతది ఎట్టుండేది?"

"కిటికీ మూసినాక అది ఎప్పుడూ ఆరలేదు. అత్తమ్మ పోయినాక మా ఆయన మార్పించినారు."

పకీరిసామి చేతిలో పనిముట్టు కింద పెట్టాడు. "ఆ ఇసపు గాలికి పోయినోళ్ల మొహం ఎర్రబడతాదమ్మా. ఆమెకి..."

పునిత తన వేళ్లు చూసుకుంది. ఆ ముఖానికి పసుపు రాసింది తనే. వేళ్ల కింద ఎరుపు ఇంకా తాజాగా, నవ్వబోతున్నట్టు ఉండింది.

గుమ్మంలో అచ్చయ్య నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

పునిత సుత్తి అందుకుంది. పకీరిసామి సాయం రాబోతే వద్దంది. మేకులు పెరికి చెక్కను కింద పడేసింది. గుడ్డలు లాగుతుంటే అందులో దేవుడమ్మ పాత చీరముక్క కూడా వచ్చింది.

"అన్నా, హీటరు ఇప్పేసి పట్టుకుపో" అంది. తర్వాత మామగారివైపు తిరిగింది. "నానింక నీళ్లు కాయను. సన్నీళ్లు పోసుకోండి. సాయంత్రం మీ కొడుకొస్తే మొత్తం సెప్తాను. ఈ కిటికీ మూసింది ఎవరో ఆయన మిమ్మల్నే అడుగుతాడు."

అచ్చయ్య గుమ్మం పట్టుకున్నాడు.

"సెప్పుకో. నన్ను మాత్రం అడగొద్దు. ఈయాళ కాదు, నా సావుకాడ కూడా అడగొద్దు. నాను మాటాడను."