చప్పుడు లేని ఇల్లు

పొద్దున షిఫ్టు మొదలవగానే అతను చేసే మొదటి పని, ఒక పొడుగాటి స్క్రూడ్రైవరు మొన మిషన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి కళ్ళు మూసుకోవడం. లోపల బేరింగులు బాగుంటే సన్నటి హోరు ఒకే తీరుగా వినిపిస్తుంది. పోయే కాలం వస్తే గరగరమంటుంది. నూలుమిల్లులో అందరూ అతన్ని డాక్టరనే పిలిచేవాళ్ళు. జీతం మాత్రం ఫిట్టరుదే.

కంపెనీ ఎక్కడ కొత్త మిల్లు పెడితే అక్కడికి డాక్టరుని పంపేది. మిషన్లు బిగించి, అవి కుదురుకునేదాకా ఉండి, కుదురుకున్నాయి అనగానే మళ్ళీ సామాను సర్దుకోవాలి. అతనికది అలవాటైపోయింది. భార్యకి కాలేదు. ఆవిడ ఇంట్లో బట్టలు కుట్టేది. కొత్త ఊళ్ళో నలుగురికీ తెలిసి, గౌన్లూ చొక్కాలూ వచ్చిపడే వేళకి బదిలీ వచ్చేది. సగం కుట్టిన బట్టలు ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చి, ఏం చెప్పాలో తెలియక నవ్వి వచ్చేసేది. ఆ నవ్విన నవ్వంతా ఇంటికొచ్చాక మొగుడి మీద విరుచుకుపడేది. అతనూ తక్కువ తిన్నవాడేం కాదు. గొంతు లేచిందంటే వీధి చివరికి వినపడేది. ఆ తరవాత రోజుల తరబడి ఇద్దరికీ మాటలుండేవి కావు.

నాలుగో బదిలీ వచ్చినప్పుడు ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. అనుకున్నారంటే, ఆవిడ అంది, అతను ఊఁ కొట్టాడు.

"ఈసారైనా ఇల్లు సరిగ్గా విని దిగుదాం. మళ్ళీ ఇలాగే అయితే ఇంక నా వల్ల కాదు."

ఇల్లు కుదుర్చుకోవడం అంటే తెలిసిందేగా. గోడలూ గుమ్మాలూ చూసుకోవడం ఒకెత్తు, వినడం ఒకెత్తు. ఖాళీ ఇంట్లో తలుపేసుకుని గోడకి చెవి ఆనిస్తే, అందులో మనం గడపబోయే రోజులు వినిపిస్తాయి. అన్నీ కాదు, అక్కడో ముక్క ఇక్కడో ముక్క. బుద్ధున్నవాళ్ళెవరూ వినకుండా అడ్వాన్సు ఇవ్వరు. వీళ్ళు మాత్రం అంతకుముందు మూడుసార్లూ కంపెనీ చూపించిన ఇంట్లో కళ్ళూ చెవులూ మూసుకుని దిగారు.

కొత్త ఊళ్ళో ఇళ్ళ బ్రోకరు మర్యాదస్తుడు. తాళం తీసిచ్చి గుమ్మం బయటే నిలబడేవాడు. "ఒకళ్ళ సంసారం ఇంకొకళ్ళు వినకూడదండీ. మీరు నిదానంగా వినండి," అనేవాడు.

మొదట మిల్లు వెనక క్వార్టర్సుకి వెళ్ళారు. అద్దె తక్కువ, నడిచి పనికి పోవచ్చు. అతను ముందుగదిలో, ఆవిడ వంటింట్లో చెవి పెట్టారు. పెట్టారో లేదో పళ్ళెం గోడకి కొట్టుకున్న చప్పుడు, వెంటనే అతని గొంతే, ఆ వెనకాల ఆవిడ ఏడుపు. అతను గబుక్కున వెనక్కి వచ్చేశాడు.

"ఈ ఇంటికి బేరింగు పోయింది. పద," అన్నాడు.

రెండోది ఒకాయన ఇంట్లో మేడమీద వాటా. మిల్లుకి రెండు బస్సులు మారాలి, కానీ మెట్లెక్కి లోపలికి వెళ్ళగానే ఆవిడ మొహం విప్పారింది. గది నిండా ఎండ. పెద్ద కిటికీ కింద నేల మీద జానలతో కొలిచి, "మిషన్ ఇక్కడ వేసుకోవచ్చు," అంది. అక్కడే కూచుని గోడకి తల ఆనించింది. గోడలో కుట్టుమిషన్ చాలాసేపు ఆగకుండా ఆడింది. ఆగింది. తరవాత క్వార్టర్సులో విన్నదే ఇక్కడా వినిపించింది.

"వెలుతురు బాగుంది," అందావిడ లేస్తూ.

"వెలుతురు సంగతి సరే, ఆ అరుపులు వినలేదా?"

"విన్నాను. అరిచింది మీరేగా."

"ఏడ్చిందెవరు మరి?" అన్నాడు, పందెం గెలిచినవాడిలా. "ఈ ఇల్లు మనకి పడదు."

ఆవిడ కిటికీ తలుపులు ఒక్కొక్కటే మూసి, గెడ పెట్టి కిందికి దిగింది.

మూడోది అపార్టుమెంట్లో ఐదో అంతస్తు ఫ్లాటు. గదులు అగ్గిపెట్టెలంత. వంటింటి కిటికీ తెరిస్తే చేతికందేంత దూరంలో ఎదుటి భవనం గోడ. పట్టపగలే లైటు వేసుకోవాలి. డాక్టరు మొహం చిట్లించాడు గానీ, వచ్చినందుకైనా విందామని చెవి పెట్టాడు. కుళాయి. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. చెప్పుల నడక. గెడ వేసిన చప్పుడు. మళ్ళీ ఫ్యాను. నమ్మకం కుదరక సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి, గది నాలుగు మూలలా పెట్టి విన్నాడు. గరగర అన్నది లేదు. అరుపు లేదు, ఏడుపు లేదు.

అతనికి ప్రాణం లేచొచ్చింది. అతనికి ఆవిడంటే ఇష్టం. ఈ మాట చెప్పకపోతే అతనికి అన్యాయం చేసినట్టే. అరిచిన ప్రతిసారీ తరవాత సిగ్గుపడేవాడు, ఇంక అరవకూడదనుకునేవాడు, మళ్ళీ అరిచేవాడు. అరవని రోజులు ఎక్కడో ఉన్నాయని తెలిసేసరికి గోడని ముద్దు పెట్టుకోవాలనిపించింది. ఆగిపోయిన మిషన్ కూడా చప్పుడు చెయ్యదని నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికి సైతం తెలుసు. మన డాక్టరుకి ఆ పూట గుర్తు రాలేదు.

ఆవిడ వంటింట్లోంచి చాలాసేపు రాలేదు. వచ్చాక కూడా గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఏం వినిపించింది?" అని అడిగాడు.

"ఏమీ లేదు."

"చూశావా! నాకూ అంతే."

"ఇదే తీసుకుందాం," అంది.

"వెలుతురు లేదు కదా. నీ మిషనో?"

"పర్లేదు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నోట పర్లేదన్న మాట రావడం అదే మొదలు. ఎందుకు పర్లేదో అతను అడగలేదు. ఆ సాయంత్రమే అడ్వాన్సు ఇచ్చేశాడు.

ఇల్లు మాట నిలబెట్టుకుంది. ఆ ఫ్లాటులో ఒక్క రోజు గొడవ జరగలేదు. అతను ఏదంటే దానికి ఆవిడ సరే అనేది. ఒకటి రెండుసార్లు పాత అలవాటు కొద్దీ గొంతు పెంచి చూశాడు గానీ, ఒంటిచేత్తో చప్పట్లు మోగవు కదా, తనే తగ్గాడు. మిల్లులో టీ తాగే దగ్గర "ఇల్లంటే అదయ్యా" అని అందరికీ చెప్పుకున్నాడు. కుట్టుమిషన్ గోనెసంచి చుట్టినది చుట్టినట్టే మూల ఉంది.

"విప్పవా దాన్ని?" అని ఒకసారి అడిగాడు.

"చూద్దాం," అంది.

వానాకాలంలో ఒక సాయంత్రం అతను షిఫ్టు దిగి వచ్చేసరికి తాళం వేసి ఉంది. పక్క ఫ్లాటు ముసలాయన తాళంచెవి ఇచ్చాడు. లోపల వంట చేసి మూత పెట్టి ఉంది. మూల మిషన్ లేదు. ఆవిడ బట్టలు లేవు. తడి కాళ్ళతోనే నిలబడి ఫోన్ చేశాడు. రెండోసారికి ఎత్తింది.

"ఎక్కడున్నావు?"

"అక్క దగ్గర."

"ఎప్పుడొస్తావు?"

అతనే మళ్ళీ అందుకున్నాడు.

"మనకి గొడవే లేదు కదా! ఈ ఇంట్లో ఒక్క మాటైనా అనుకున్నామా?"

"లేదండీ."

"మరెందుకు?"

"ఆ రోజు వంటింట్లో విన్నాను," అంది మెల్లిగా. "మీ చెప్పులు వినిపించాయి. మీరు గ్లాసు కడుక్కోవడం వినిపించింది. నేనెక్కడా లేను. ముందు చచ్చిపోయానేమో అనుకున్నాను. అదైనా సరే అనిపించింది. ఇంకాసేపు విన్నాను. ఎవరూ రాలేదు, ఎవరూ ఏడవలేదు. చచ్చిపోతే నలుగురైనా వస్తారు కదా. అప్పుడు అర్థమైంది, వెళ్ళిపోయానని. అప్పటిదాకా వెళ్ళిపోవచ్చని నాకు తోచనే లేదండీ."

"నాతో చెప్పొచ్చు కదా. ఇంకో ఇల్లు చూసేవాణ్ణి కదా."

"రెండిళ్ళల్లో నేనేడవడం విన్నారు. విని, ఇల్లు బాలేదన్నారు."

"అక్కడ బాగుందా?" అని అడిగాడు.

"ఇక్కడా ఏం బాలేదు. అక్క పిల్లల గదిలో పడుకుంటున్నాను. వంట చల్లారిపోతుంది, తినండి," అని పెట్టేసింది.

అప్పట్నుంచి డాక్టరు ప్రతి ఆదివారం బ్రోకరుతో ఇళ్ళు చూస్తున్నాడు. ఎలాంటిది కావాలండీ అని అడిగితే, గొడవున్నది చూపించండి అన్నాడు. బ్రోకరు రకరకాల జనాన్ని చూసినవాడు, తాళాల గుత్తి తీసుకుని ముందు నడిచాడు. డాబాలు, పెంకుటిళ్ళు, పాత బంగళాల్లో వెనక వాటాలు, ఊరి చివర ఒంటరి గదులు, అన్నీ అయ్యాయి. ప్రతిచోటా చెవి గోడకి నొక్కి, ఒక్క కేక కోసం, ఒక్క తిట్టు కోసం ఊపిరి బిగపట్టి వినేవాడు.

మొన్న కొత్తగా కట్టిన ఇంటికి వెళ్ళారు. సున్నం ఇంకా తడిగానే ఉంది. అతను బయటికొచ్చేసరికి చెంపంతా తెల్లగా అంటుకుంది. విన్నదాని సంగతి ఎప్పుడూ అడగని బ్రోకరు ఆ రోజు ఉండబట్టలేక అడిగాడు.

"ఎవరైనా వినిపించారా అండీ?"

"నేను," అన్నాడతను. "నేనొక్కణ్ణే."