చాప మీద కూర్చోని నాన్నలు

గురువారం మధ్యాహ్నం మూడయిందంటే మందుల షాపు పైనున్న గది మెట్ల మీద చెప్పులు బారులు తీరేవి. మూడేళ్ల వయసు పిల్లలున్న తల్లిదండ్రులకి అక్కడ క్లాసు. పిల్లలతో ఎలా మాట్లాడాలి, మారాం చేస్తే ఏం చెయ్యాలి, చెయ్యి చేసుకోకుండా ఎలా దారికి తెచ్చుకోవాలి, ఇవన్నీ పంతులమ్మ ఎనిమిది వారాల్లో నేర్పేది. ఆవిడకి అరవై దాటాయి, మోకాళ్లు అరిగాయి, గొంతు మాత్రం ఖంగుమనేది. రాగానే కిటికీలు తెరిచేది, బొమ్మలన్నీ ఓ మూల కుమ్మరించేది, తర్వాత గది మధ్యలో నీలం చాప పరిచేది.

ఆ చాప మీద కూర్చున్న పెద్దవాళ్లు తమ పిల్లల ఈడుకి వచ్చేసేవాళ్లు. నిమిషం తిరక్కుండా కాళ్లు పొట్టివై, బుగ్గలు వచ్చి, పక్కవాళ్ల బొమ్మ కోసం పేచీ మొదలుపెట్టేవాళ్లు. బట్టలు కూడా ఒంటికి తగ్గట్టు కుదురుకునేవి, అదో అదృష్టం. ఎవరి పిల్లలు వాళ్లని "అమ్మా" అని పిలవగానే మళ్లీ మామూలు మనుషులై, జుట్టు సవరించుకుని, టీ తాగడానికి లేచేవాళ్లు. పిల్లలు ఊపిరికోసారి అమ్మా అంటారు కాబట్టి తల్లులకి దిగుల్లేదు. పంతులమ్మకైతే సాయంత్రం చాప దులిపి చుట్టడం తప్ప వేరే ఇబ్బంది లేదు.

నాన్నల సంగతే వేరు. అసలు వచ్చేదే నలుగురు. ఆ నలుగురూ గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని, ఎవరో బలవంతాన పట్టుకొచ్చినట్టు నిలబడేవాళ్లు. ఒకాయనకి నడుం నొప్పి, ఒకాయనకి ప్యాంటు నలుగుతుంది, ఇంకొకాయనకి నిమిషానికోసారి ఫోను. అబ్బో, సాకులకేం కరువు! లోపలి భయం మాత్రం అందరిదీ ఒకటే. కూర్చున్నాక పిల్ల "నాన్నా" అనకపోతే? ఆ మాట పైకి అన్నవాడు లేడు.

ఇస్త్రీ ఆయన కిటికీ పక్కన నిలబడేవాడు. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ప్రెస్ చెయ్యడం అతని పని. పదకొండేళ్లుగా అదే పని కావడంతో ఒంటికి ఆవిరి వాసన పట్టేసింది, అరచేతులు ఎప్పుడూ వెచ్చగానే ఉంటాయి. భార్య పోయి పది నెలలు. మూడున్నరేళ్ల కూతురుంది. ఏది పెట్టినా ఇంతింత ఏరుకు తింటుందని తల్లి దానికి పిట్ట అని ముద్దుపేరు పెట్టుకుంది. తల్లి పోయిన దగ్గర్నుంచి పిట్ట అతన్ని ఏమనీ పిలవదు. ఏదైనా కావాలంటే వచ్చి చొక్కా అంచు లాగుతుంది, వేలితో చూపిస్తుంది. అంతే.

భార్య వాళ్ల అక్క, అతనికి వదిన, నెలకోసారి బస్సెక్కి వచ్చి పిల్లని చూసి వెళ్లేది. చూసి చూసి ఓసారి మనసులో మాట చెప్పేసింది.

"మరిదిగారూ, మీరు చెడ్డవాళ్లని నేననను. కానీ పిల్ల మిమ్మల్ని నోరారా పిలవడం ఒక్కసారైనా వినలేదు. నా దగ్గరుంటే నా పిల్లలతో పాటు పెరుగుతుంది."

"ఒక్క అవకాశం ఇవ్వండి వదినా. పిల్ల కూడా లేకపోతే నేనెందుకు ఇంటికి రావాలి?"

ఆవిడ పిట్ట వైపు ఓసారి చూసింది.

"సరే, ఆ క్లాసుకి వెళ్లండి. చివర్లో పంతులమ్మ మీరు పెంచగలరంటే పిల్ల మీ దగ్గరే ఉంటుంది. లేదంటే నాతో వస్తుంది. ఒప్పుకుంటారా?"

ఒప్పుకున్నాడు. ఒప్పుకోక వేరే దారేముంది కనక!

మొదటి వారం పంతులమ్మ ఇచ్చిన ఇంటిపని చిన్నదే. రోజూ పది నిమిషాలు నేల మీద కూర్చుని, పిల్ల ఎలా ఆడితే అలా ఆడాలి. పని విషయంలో అతను నిక్కచ్చి మనిషి. లాండ్రీలో పాత ప్రెస్ మిషన్‌కి ఉండే బజర్ మూలపడి ఉంటే అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. దాన్ని పది నిమిషాలకి తిప్పి పెట్టేవాడు. పిట్ట చెక్కముక్కలు పేరుస్తుంటే తనూ పక్కన కూర్చుని, వంకరగా ఉన్నవాటిని అంచుకి అంచు కలిపి సర్దేవాడు. బజర్ మోగగానే ఎక్కడిదక్కడ వదిలేసి లేచేవాడు. ఒక్కరోజు మానలేదు. గోడ మీద క్యాలెండర్‌లో టిక్కులు కూడా పెట్టుకున్నాడు పాపం.

ఐదో వారం క్లాసులో ఎవరిదో ఫోను బీప్‌మంది. పిట్ట ఉలిక్కిపడి, ఆడుతున్న చెక్కముక్కల్ని గబగబా అంచుకి అంచు కలిపి సర్దేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అది పంతులమ్మ కంటపడింది. అతన్ని పిలిచి విషయమంతా రాబట్టింది.

"బజరా?" అంది. "పిల్లతో ఆడుకోమంటే పిల్లని ఇస్త్రీ చేశావటయ్యా!"

గదిలో ఒకరిద్దరు నవ్వారు. అతనికి తల కొట్టేసినట్టయింది. ఆరో వారం, ఏడో వారం డబుల్ షిఫ్టుందని మొహం చాటేశాడు. షిఫ్టూ లేదు, పాడూ లేదు. పిట్టని పక్కింట్లో దింపి, లాండ్రీ వెనక సబ్బు డబ్బాల మీద కూర్చుని, పిల్ల వెళ్లిపోతే ఇల్లెలా ఉంటుందా అని ఆలోచిస్తూ గడిపాడు.

ఎనిమిదో వారం వదిన వచ్చింది. పిట్ట బట్టలు సంచిలో సర్దుకునే వచ్చింది. ఐదున్నరకి బస్సు. ముగ్గురూ కలిసే మెట్లెక్కారు.

"రెండు వారాలు రాలేదు నువ్వు," అంది పంతులమ్మ.

"తప్పయిపోయిందమ్మా. ఇవాళ ఆఖరి రోజు, మీరొక మాట చెబితే..."

"గోడకి ఆనుకున్నవాళ్ల గురించి నేను మంచీ చెప్పను, చెడూ చెప్పను. వాళ్లు నాకు తెలిస్తే కదా! చాప అదిగో, అక్కడుంది."

అతను గొంతు తగ్గించాడు. "పిల్ల పిలవకపోతేనమ్మా?"

ఆవిడ వంగి చాప మడత సరిచేసింది.

"ఇంతవరకూ అలా జరగలేదు," అంది. "జరగదని మాత్రం మాటివ్వలేను."

అతను సంచి వైపు చూశాడు. పిట్ట అప్పుడే మూలకి పోయి చెక్కముక్కలు తీస్తోంది. చెప్పొద్దూ, భార్యని ఆసుపత్రిలో చేర్చిన రోజు కూడా అతనికంత భయం వెయ్యలేదు. వెళ్లి చాప మీద కూర్చున్నాడు.

కూర్చున్నాక దుప్పట్లు గుర్తు లేవు, బస్సు గుర్తు లేదు, కూతురే గుర్తు లేదు. ఆ మూడున్నరేళ్లవాడికి తెలిసింది తన చిన్నతనంలోని ఒక్క సంగతే. నాన్న తనని ఏదో కొట్టు ముందు బల్ల మీద కూర్చోబెట్టి, ఇక్కడే ఉండు, సాయంత్రం వస్తానని చెప్పి వెళ్లాడు. కదలకూడదు. కదిలితే నాన్నకి కనపడడు. అందుకని చాప అంచున ముడుచుకుని గుమ్మం వైపే చూస్తున్నాడు. వెనకాల తల్లులందరూ బంతి కోసం కొట్టుకుంటున్నారు. వాళ్లని వాళ్ల పిల్లలు పిలిచారు, ఒక్కొక్కరే పెద్దవాళ్లై లేచిపోయారు. టీ గ్లాసులు చప్పుడయ్యాయి. చాప మీద వాడొక్కడే మిగిలాడు. ఏడుస్తున్నాడు, కానీ బయటికి వినపడనివ్వడం లేదు, ఏడిస్తే నాన్న రాడేమోనని.

గోడ పక్కనున్న నాన్నలు కట్టుకున్న చేతులు దించేశారు. నాలుగున్నర దాటింది. వదిన ఏదో అనబోతే పంతులమ్మ ఆగమన్నట్టు చెయ్యెత్తింది.

పిట్ట తల తిప్పి చూసింది. చెక్కముక్కలు ఎక్కడివక్కడే వదిలేసి, వచ్చి వాడి ముందు నిలబడింది.

"ఎందుకేడుస్తున్నావ్?"

"మా నాన్న రాలేదు."

"ఎప్పుడొస్తానన్నాడు?"

"సాయంత్రం."

పిట్ట కిటికీలోంచి ఎండ ఎంతుందో చూసింది. వాడి పక్కన చతికిలపడింది. కాసేపు ఇద్దరూ గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నారు.

"ఏడవకు," అంది. "మా నాన్న వస్తాడు."

వాడు తలెత్తాడు.

"మా నాన్న రోజూ వస్తాడు. లేటైనా వస్తాడు. చేతులు వెచ్చగా ఉంటాయి. నేను చెప్తాలే, నిన్ను కూడా మా ఇంటికి తీసుకెళ్తాడు."

అది పిలవడం కాదు. ఎవరో పిల్లాడికి తన తండ్రి గురించి చెప్పుకోవడం. చాపకి ఆ మాత్రం చాలినట్టుంది. వాడి కాళ్లు చాప దాటి నేల మీదకి సాగాయి, భుజాలు వెడల్పయ్యాయి, చెంపల మీద మాసిన గడ్డం మొలిచింది. ఇస్త్రీ ఆయన రెండు చేతుల్తో మొహం కప్పుకుని భోరుమన్నాడు. ఎవరేమనుకుంటారన్న ధ్యాసే లేదు. తను వస్తాడని పిల్లకి అంత నమ్మకముందని అతనికి ఇన్నాళ్లూ తెలియదు. సిగ్గూ సంతోషం రెండూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

పంతులమ్మని ఎవరూ ఏమీ అడగలేదు. వదిన గుమ్మంలోనే కూర్చుని, సంచి తెరిచి, పిట్ట గౌన్లు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది.

"నేనొక్కదాన్నే వెళ్తాను మరిదిగారూ," అంది. "నెలకోసారి వచ్చి చూస్తాను. అది చాలు నాకు."

పిట్టకి ఇవేవీ పట్టలేదు. చాప చుట్టూ తిరిగింది, తలుపు వెనక చూసింది, బొమ్మల డబ్బాలోకి తొంగి చూసింది. ఎక్కడా కనపడక, వచ్చి తండ్రికి ఎదురుగా నిలబడింది.

"నాన్నా, ఇందాకటి బాబేడి?"

అతను దాని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"వాళ్ల నాన్న వచ్చాడా?"

"వచ్చాడమ్మా," అన్నాడు. "చాలా లేటయింది. కానీ వచ్చాడు."