గుడి మైకులో భైరవ్

మొదటి సెమిస్టరులో నేను నేర్చుకున్న రాగం ఒక్కటే, భైరవ్. ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో మా వీధి మొత్తం నేర్చుకున్నదీ అదే. వాళ్ళకి నేర్పాలని నేను అనుకోలేదు. నేర్పమని వాళ్ళూ అడగలేదు.

మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. బడి చదువు, గుళ్ళో భజన, అంతే నా సరుకు. ఖరగ్‌పూర్‌లో మా మేనమామ నూకరాజు ఇంట్లో ఉండి సంగీతం డిగ్రీ చదువుతానంటే నాన్న ఒక షరతు పెట్టాడు. మొదటి సెమిస్టరు పాట పరీక్ష పాసైతే ఉండొచ్చు. తప్పితే వెనక్కి వచ్చి కామర్సులో చేరాలి. సరేనన్నాను. నాకు లెక్కలంటే భయం లేదు, పాట వదలాలంటేనే భయం.

మావయ్యకి రైల్వే షెడ్డులో రాత్రి డ్యూటీ. తెల్లారాక వచ్చి పడుకుంటాడు. నేను సాధన చేయాల్సిన వేళా అదే. ఇల్లు రెండు గదులు. వచ్చిన మర్నాడే జోగమ్మత్త తేల్చేసింది.

“మీ మావయ్య తొంగున్నప్పుడు సరిగమలు తీత్తావేటే? గుళ్ళో పాడుకో. తవిటయ్య తాతకి నాను సెప్తాను.”

వీధి మొదట్లో మన తెలుగువాళ్ళ అమ్మవారి గుడి ఉంది. తవిటయ్య తాత దాని పెద్ద. రిటైరైన దగ్గర్నుంచి గుడే ఆయనకి డ్యూటీ. నేను హాల్లో చాప పరుచుకుని, ఫోనులో తబలా పెట్టుకుని ‘సా’ పట్టానో లేదో, ఆయన మైకు స్టాండు ఈడ్చుకొచ్చి నా ముందు నిలబెట్టాడు.

“వొద్దు తాతా, ఇది సాధన.”

“అందుకేనమ్మా. గుళ్ళో మైకు లేకుండా పాడితే ఎవులికి తెలుస్తాది?”

నేను పక్కకి జరిగితే మైకూ జరిగింది. స్విచ్చి కట్టేస్తే, “కరెంటు పోయినట్టుంది” అంటూ వచ్చి వేశాడు. చోటు ఇచ్చిన పెద్దాయన, ఇంకేం అనగలను? వీధి చివర స్తంభానికి కట్టిన హారన్‌లోంచి నా ‘సా’ బొంగురుగా వెళ్ళి అందర్నీ లేపింది.

సాధన అంటే ఒకే ముక్కని వందసార్లు అనడం. ఆ సంగతి వీధికి తెలియదు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు, “ఏటమ్మా, రెండో సరణం రాదేటి?” అని అడిగేవారు. గోల్‌బజార్‌లో చేపలమ్మే బెంగాలీ దాదా ఉండేది మా వీధిలోనే. అత్తతో చేపలకి వెళితే, “దీదీ, గానా ఆగే కబ్ బఢేగా?” అని, పాట ముందుకెప్పుడు కదులుతుందని నవ్వేవాడు. రోజూ సాధనయ్యి నేను ఇంటికి రాగానే అత్త హాజరు తీసేది.

“మద్దిలో కాసేపు ఆపీసినావేం?”

“దగ్గొచ్చింది అత్తా.”

“దగ్గు కూడా ఇనిపించింది. మీ నాన్నకి ఫోన్ సేసి ఇనిపించినాను, పాటేలే, దగ్గు కాదు.”

ఇక కాలేజీ. మాకు పాట చెప్పే శర్మిష్ఠా దీదీ కోపం లేకుండా విసుక్కోగలదు. భజనలో పెరిగిన గొంతు కదా, ప్రతి స్వరాన్నీ ఊపేదాన్ని. “రిషభం ఊగాలి, గాంధారం నిలబడాలి. నీ గాంధారం పడవెక్కింది” అనేది. అది నెమ్మదిగా దిద్దుకున్నాను. పెద్ద చిక్కు వేరే వచ్చింది. తాళంలో మొదటి దెబ్బ దగ్గరికి పాట సరిగ్గా వచ్చి దిగాలి. నేను రోజూ ఒక పిసరు ఆలస్యంగా దిగేదాన్ని. తబలా అబ్బాయి నా ముఖం చూసేవాడు. దీదీ కళ్ళజోడు తీసి తుడుచుకునేది.

“ఎవరి కోసం ఆగుతున్నావు?”

నాకు తెలిస్తే కదా చెప్పడానికి! ఊళ్ళో నా తాళం ఎప్పుడూ తప్పలేదు. ఇంకా గట్టిగా సాధన చేశాను. ఇంకా ఎక్కువ ఆలస్యమైంది. “ఇలా పాడితే పరీక్షలో పాస్ చెయ్యలేను” అని దీదీ తలుపు దగ్గర మెల్లగా చెప్పింది.

పరీక్ష దగ్గర పడ్డాక ఒక ఉదయం నిజంగానే కరెంటు పోయింది. మైకు మూగబోయింది. నేను పాడుతూనే ఉన్నాను. ప్రతి వరుస చివరా నా గొంతు ఆగి దేనికోసమో చెవి వేస్తోంది. అప్పుడు అర్థమైంది. వీధి చివర హారన్‌లోంచి నా పాట కాస్త వెనగ్గా నాకే తిరిగొచ్చేది. సెమిస్టరంతా దాని కోసం ఆగి, అది వచ్చాక పాడడం అలవాటు చేసుకున్నాను. నన్ను నేనే వెనక్కి లాక్కుంటున్నానన్నమాట. ఎంత కష్టపడితే అంత చెడిపోయాను.

తవిటయ్య తాత తమలపాకులు తుడుస్తున్నాడు.

“తాతా, రేపట్నించి మైకు వొద్దు.”

“వొద్దేటి? అమ్మోరికి ఇనబడొద్దా?”

“అమ్మోరు పక్కనే ఉంది గదా తాతా.”

“అమ్మోరికి ఇనబడతాది. మరి జనాలకో?”

నేను ఎవరిమీదా గొంతెత్తే మనిషిని కాదు. ఆ రోజు ఎలా వచ్చిందో వచ్చింది.

“జనాలు అడిగినారేటి? ఊరంతా ఇనాలని మా అత్తకి ఉంది, నాకు నేదు! మీ మైకు పుణ్యమా అని పరీక్ష తప్పితే కామర్సులో సేరతాను. అప్పుడు ఎక్కాలు సదువుతాను మీ మైకులో!”

‘మీ మైకులో’ అన్న మాట నాకు రెండోసారి వీధి చివర నుంచి వినబడింది. కాస్త వెనగ్గా, ఎప్పటిలాగే. మధ్యలో కరెంటు ఎప్పుడు వచ్చిందో మేమిద్దరం చూసుకోలేదు.

తల వంచుకుని ఇంటికి నడిచాను. కుళాయి దగ్గర ఒకావిడ, “కామర్సు కూడా మంచిదేనమ్మా” అంది ఓదార్పుగా. అత్త ఉప్మా పళ్ళెం నా ముందు శబ్దమయ్యేలా పెట్టి గోడకేసి మాట్లాడింది.

“ఊరంతా ఇనాలని నాకుందంట! ఆడకూతురు ఒంటరిగా పాడుకుంతాది, పదిమందికీ తెలిస్తే మంచిదనుకున్నాను. నాదే తప్పు.”

పక్కగదిలోంచి మావయ్య కళ్ళు నులుముకుంటూ వచ్చాడు.

“ఏటమ్మా, ఇయ్యాల పాట మద్దిలో ఆగిపోయింది? నిద్ర పట్టలేదు.”

అత్త, నేను ఒకరినొకరం చూసుకున్నాం.

“నీకు నిద్ర సెడిపోద్దనే గదా గుడికి పంపినాను!” అంది అత్త.

“ఆ హారన్ మూతి మన కిటికీలోకే గదే ఉన్నాది. ఇంజిన్ల మద్దిన కునికినోణ్ణి, నాకు పాటేం అడ్డం? ఇంట్లో పాడితే కాస్త సిన్నగా ఇనబడును.”

“మరి ఇన్నాళ్ళూ సెప్పలేదేం మావయ్యా?”

“ఎవులడిగినారు?” అని మళ్ళీ వెళ్ళి పడుకున్నాడు.

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఉప్మా తిన్నాను.

మర్నాటి నుంచి వంటింట్లోనే పాడాను. ఆగే అలవాటు ఒక్కరోజులో పోలేదు. చెవులకి దూది పెట్టుకుని, తొడమీద దెబ్బ వేసుకుంటూ, కుక్కర్ కూతల మధ్య పోగొట్టుకున్నాను. పరీక్షలో గాంధారం ఒకచోట పడవెక్కబోయి దిగింది. మొదటి దెబ్బ దగ్గరికి మాత్రం నేను, తబలా కలిసే వెళ్ళాం. దీదీ కళ్ళజోడు తియ్యలేదు. నిన్న ఫలితాలు వచ్చాయి, పాసయ్యాను. నాన్నకి ఫోన్ చేస్తే, “సరే, ఇంకో సెమిస్టరు సూద్దాం” అన్నాడు. ఆ మాత్రం దానికే అత్త వీధంతా మిఠాయి పంచి వచ్చింది.

ఇవాళ కొత్త రాగం మొదలుపెట్టాను. వంటింటి కిటికీ మూసి కూర్చున్నాను. అత్త వచ్చి, “ఉక్కగా ఉందే” అంటూ కిటికీ తెరిచింది. లేచి మూశాను. పోపు వేస్తూ, పొగ వస్తోందని మళ్ళీ తెరిచింది. వీధిలోకి తొంగి చూసి, “కొత్తదేలే ఇయ్యాల” అని ఎవరితోనో అంది.

నేను మళ్ళీ లేచాను.