పొద్దుటెండలో పెట్టిన పాప

నేను ఒక చేటను. సాలూరు మేదర వీధిలో ఒక ముసలాయన వెదురు బద్దలు చీల్చి నన్ను అల్లాడు. సంతలో పారమ్మ నన్ను అటూ ఇటూ తిప్పి, లేని వంకలన్నీ పెట్టి, చివరికి చంకన పెట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. ఆమె చేతుల్లో ఎన్ని బస్తాల బియ్యం చెరిగానో! ఒళ్లు అరిగింది గానీ ఏనాడూ మాట పడలేదు.

ఆమె కూతురు దమయంతి తొలి కాన్పుకి పుట్టింటికొచ్చి ఆడపిల్లను కంది. పురుడు రోజున నాలో పాత చీర మడత పరిచి పాపను పడుకోబెట్టారు. గింజలు మోసిన నాకు ప్రాణాన్ని మోయడం అదే మొదలు. మురిసిపోయాను. అప్పట్నుంచి పారమ్మ రోజూ పాపకు నూనె రాసి, నీళ్లు పోసి, నాలో వేసి పొద్దుటెండలో పెట్టేది. కొన్నాళ్లకు పాప కళ్ల చుట్టూ ఎర్రటి వలయాలు లేచాయి. ఎండ చాలలేదనుకుని పారమ్మ ఇంకాసేపు ఉంచింది. మచ్చలు నుదుటికి పాకాయి.

పట్నం ఆసుపత్రికి వెళ్లొచ్చాక తల్లీకూతుళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. డాక్టరమ్మ ముందు ఎండ మాన్పించిందట. రోగాలతో పోరాడాల్సిన యాంటీబాడీలు దమయంతి రక్తంలో దారి తప్పి, కడుపులో ఉండగానే బిడ్డలోకి చేరాయట. ఆ మచ్చలు వాటివల్లేనట, ఎండ తగిలితే ఇంకా ముదురుతాయట. తనకే జబ్బూ లేదని దమయంతి ఏడిస్తే, కొందరు తల్లుల్లో అవి పైకి తెలియకుండానే ఉంటాయని, తప్పు ఆమెది కాదని చెప్పిందట. కొన్ని నెలల్లో అవి హరించుకుపోతాయి, మచ్చలూ పోతాయి. కానీ వాటివల్లే పాప గుండె కొట్టుకోవడం మందగించింది, అది మామూలుకు రాదు, ముందుముందు గుండెను కొట్టించే మిషను లోపల పెట్టాల్సి రావచ్చు. ఇందులో మొదటి సగమే పారమ్మ చెవికెక్కింది. దమయంతికి రెండో సగం తప్ప మరేమీ వినపడలేదు.

మర్నాడే పారమ్మ నన్ను పెంటకుప్ప మీదికి విసిరేసింది. పాపం, కూతుర్ని అనలేదు, సూర్యుణ్ణి అనలేదు. ఇక మిగిలింది నేనే. నాకు కోపం రాలేదు, బాధేసింది.

ఇక్కణ్ణుంచి వాళ్ల వాకిలి కనిపిస్తుంది. వానలకు నా అల్లిక వదులైపోయే వేళకు పాప మొహం తేటపడింది. పారమ్మ వీధిలో వాళ్లందరినీ పిలిచి చూపించింది. వాళ్లు వెళ్లాక కూతురివైపు తిరిగింది.

“సూసినావేటమ్మీ, మచ్చలన్నీ పోనాయి. ఇంకేటి బెంగ నీకు?”

దమయంతి తల్లి చెయ్యి పట్టుకుని పాప రొమ్ము మీద పెట్టింది. “మొగం కాదమ్మా. ఇక్కడ సూడు.”

పారమ్మ నవ్వుతూనే చెయ్యి ఆనించింది. కాసేపటికి ఆ నవ్వు పోయింది. ఒకసారి కొట్టుకున్న గుండె మళ్లీ కొట్టుకునేదాకా ఆమె ఊపిరి బిగబట్టింది. చెయ్యి తీస్తే అదీ ఆగిపోతుందేమోనని అలాగే కూర్చుండిపోయింది.