పెరగని కోత

క్లీవ్‌లాండ్‌లో అపార్ట్‌మెంట్లు అద్దెకిచ్చే లొరెట్టా కళ్లజోడు పెట్టుకుంటే కాగితాలకే చెమటలు పడతాయని చెప్పుకుంటారు. బస్సు నడిపే డెల్రాయ్‌కి రెండు పడగ్గదుల ఇల్లు కావాలి. అద్దెకి మూడింతల జీతం ఉంటేగానీ తాళం ఇవ్వరు. అతను పంపిన పన్ను కాగితంలో ఏడాదికి తొంభై వేల డాలర్ల జీతం దర్జాగా కూర్చుని ఉంది.

లొరెట్టా దాని కింది గడి చూసి, క్యాలిక్యులేటర్ నొక్కింది.

"అబ్బాయ్, జీతమేమో తొంభై వేలు. అందులో కోసిన పన్ను మాత్రం నలభై వేల జీతానిది. కంప్యూటర్లో జీతం దిద్దినవాడివి, దీన్నెందుకు వదిలేశావ్?"

డెల్రాయ్ నిజంగానే నొచ్చుకున్నాడు.

"పన్ను కూడా నా చేత్తో నేనే పెంచుకోవాలా, మేడమ్?"

లొరెట్టా అతనికోసం తీసిపెట్టిన తాళాన్ని తిరిగి సొరుగులో పడేసింది.

"అసలు కాగితం పట్రా. ఒంటిగది చూపిస్తా."