ఎంగిలి దారం

సోమవారం తెల్లారగట్ల శ్యామ్‌సుందర్ సూట్‌కేసు చక్రాల చప్పుడు లిఫ్టులోకి వెళ్ళి ఆగిపోయిందంటే, మళ్ళీ గురువారం రాత్రి దాకా ఉమామహేశ్వరితో తెలుగు మాట్లాడే మనిషి ఆ ఊళ్ళో ఉండడు. ఆయన ప్రాజెక్టు ఎక్కడో టెక్సాస్‌లో, ప్లేనోలో. కాపురం మాత్రం ఇక్కడ, మసాచుసెట్స్‌లో, మెరిమాక్ నది ఒడ్డున. "ఒక్క ఏడాది ఓపిక పట్టు ఉమా, ట్రాన్స్‌ఫర్ అడుగుతాను" అని ఆయన అన్నది 2006లో. ఇప్పుడు 2008 నడుస్తోంది. పాపం, అడుగుతూనే ఉన్నాడు.

వాళ్ళ అపార్ట్‌మెంటు ఒకప్పటి బట్టల మిల్లు. నూట యాభై ఏళ్ళ కిందట నది నీళ్ళని కాలవల్లోకి మళ్ళించి, ఆ నీటి తోపుతో వందలకొద్దీ మగ్గాలు ఆడించారట. మిల్లులు మూతపడ్డాయి, గోడలు మిగిలాయి. ఈ అమెరికావాళ్ళ తమాషా చూడండి, ఇటుకల మీద సున్నం పూత కూడా వెయ్యకుండా, అదే అందమని చెప్పి దర్జాగా అద్దెకిస్తారు. ఆ ఇటుకల మధ్య ఉమ ఒక్కతే. ఆమె వీసాకి ఉద్యోగం చెయ్యకూడదు. కారు నడపడం రాదు. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో కూడా పైకే అనుకునేది, తన గొంతు తనకి వినబడాలని. ఆయనకి ఫోన్ చేస్తే మూడు రింగులకి ఎత్తి, "కాల్‌లో ఉన్నాను, మళ్ళీ చేస్తాను" అనేవాడు. ఆ మళ్ళీ ఎప్పటికోగాని వచ్చేది కాదు.

చలికాలం చివర్లో ఒకరోజు కిటికీ తీస్తే, వీధికి అవతల ఉన్న మిల్లులోంచి మోత వినబడింది. ఉమకి ప్రాణం లేచొచ్చింది. చెప్పులు సరిగా తొడుక్కోకుండానే దిగి వెళ్ళింది. అక్కడ కింది అంతస్తులో చిన్న మ్యూజియం పెట్టి, జనానికి చూపించడానికి పాత మగ్గాలు నాలుగు ఆడిస్తున్నారు. అన్నీ ఇనుపవే. అయినా పడుగు పడుగే, పేక పేకే. దారాల మధ్య అటూ ఇటూ పరిగెత్తే ఆ కొయ్య నాడెని ఆమె గుర్తుపట్టకపోతే ఇంకెవరు గుర్తుపడతారు? పుట్టింది వేటపాలెంలో, మగ్గం గుంట పక్కన.

ఆ మగ్గాల బాగోగులు చూసేది రే థిబో అనే డెబ్భై రెండేళ్ళ పెద్దమనిషి. వాళ్ళ అమ్మమ్మ, అమ్మ, తనూ ఈ మిల్లుల్లోనే బతికారు. జీతం లేకుండా పని చెయ్యడానికి ఈ దేశంలో వీసా అడ్డు రాదు కాబట్టి, ఉమ మర్నాటి నుంచే పనిలోకి దిగింది. నాలుగు వారాలు దూది నుసి ఊడ్చింది, నాడెలో పట్టే పుల్లలకి దారం చుట్టి కండెలు చేసింది. కండెని నాడెలో పెట్టి దారం ఎక్కించడం మాత్రం రే తనే చేసుకునేవాడు. ఆమె చుట్టిన కండె ఒకటి చేతిలో తిప్పి చూసి, ఒకరోజు ఆయన అన్నాడు.

"ఊమా, బుధవారం స్కూలు పిల్లలు వస్తున్నారు. మగ్గం నువ్వే నడుపు. డైరెక్టర్ కూడా చూస్తుంది. ఆవిడ సరేనంటే వారానికి మూడు రోజులు మూడో నంబరు మగ్గం నీది. కాదంటే ముందు డెస్కు దగ్గర టికెట్లు చింపాలి మరి."

మూడో నంబరు మగ్గం నీది. ఆ మాటకి ఆమె కాళ్ళు భూమ్మీద నిలవలేదు. ఈ దేశంలో ఆమె చేతులకి తెలిసిన పని ఉన్న చోటు అదొక్కటే మరి.

ఇంకో సంగతి కూడా ఉంది. పన్నెండేళ్ళప్పుడు ఆమెని ఒకసారి మగ్గం దగ్గర్నుంచి గెంటేశారు. గెంటేసింది కన్నతల్లే.

అప్పట్లో నాడెలో కండె పెట్టి, నాడె పక్కనున్న కన్నానికి నోరు ఆనించి, దారాన్ని సర్రున పీల్చి అమ్మ చేతికివ్వడం ఉమ పని. ఉమ బడిలో ఉన్నప్పుడు అదే నాడెని అమ్మే పీల్చుకునేది. "నా కూతురు ఒక్క పీల్పుకి లాగుతుంది" అని అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. అలాంటి అమ్మ, ఒకరోజు చీరాల పెద్దాసుపత్రికి వెళ్ళి వచ్చి, ఉమ నోటి దగ్గరున్న నాడెని లాక్కుని చెంప ఛెళ్ళుమనిపించింది. "ఇంకోసారి నాడె ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతాను, ఫో" అంది. ఆ రోజునుంచి అమ్మ చీపురుపుల్లతో తిప్పలు పడి తనే దారం లాక్కునేది. కంచం వేరు, గ్లాసు వేరు పెట్టుకుంది. ఉమ పక్కన పడుకోబోతే గోడవైపు తిరిగేది. ఏడాది తిరక్కుండానే పోయింది.

క్షయ అని ఉమకి పెద్దయ్యాకే తెలిసింది. ఆడపిల్ల పెళ్ళికి అడ్డొస్తుందని ఇంట్లో ఎవరూ ఆ పేరు పలకలేదు. ఆ దెబ్బనీ ఆ జబ్బునీ ఆమె ఎన్నడూ ఒకచోట పెట్టి చూసుకోలేదు. ఆమె మనసులో ముద్ర పడ్డది ఒక్కటే. అమ్మకి నా ఎంగిలి రోతయింది. ఏం చేశానని?

బుధవారం వచ్చింది. నలభై మంది పిల్లలు, చెవుల్లో దూది పెట్టుకుని, మగ్గానికి ముందు అడ్డంగా కట్టిన తాడుకి అవతల నిలబడ్డారు. వెనకాల డైరెక్టర్. ఉమ పిడి లాగింది. మగ్గం కదిలింది. పావుగంట సేపు ఒక్క పోగు తెగలేదు. రే బొటనవేలెత్తి చూపించి, పిల్లలకి సైగలతో ఏదో చూపిస్తూ కిటికీ వైపు నడిచాడు. అంతలో కండె అయిపోయింది. ఉమ మగ్గం ఆపి, కొత్త కండె నాడెలో బిగించి, ఆలోచనే లేకుండా నాడెని నోటికి ఆనించి పీల్చింది. దారం ఒక్క పీల్పుకే వచ్చింది. ఇరవై రెండేళ్ళయినా ఆ పెదాలు మరిచిపోలేదు.

"నో!"

రే ఆ వయసులో అంత వేగంగా ఎలా వచ్చాడో తెలియదు. నాడెని ఆమె చేతిలోంచి లాగేసుకున్నాడు. ఆయన మొహం ఎర్రబడిపోయింది. పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. డైరెక్టర్ మొహం చిట్లించింది. ఉమకి తల కొట్టేసినట్టయింది. మళ్ళీ అదే. మళ్ళీ నా ఎంగిలే. కోటు కూడా తీసుకోకుండా తలుపు వైపు నడిచింది.

రే గుమ్మం దగ్గర అడ్డం వచ్చాడు. ఆమెని మూలనున్న అద్దాల పెట్టె దగ్గరికి తీసుకెళ్ళాడు. రోజూ ఆ పెట్టె అద్దం తుడిచేది ఉమే. లోపల పాత నాడె ఒకటి, జడ వేసుకున్న అమ్మాయి ఫోటో ఒకటి ఉన్నాయని తెలుసుగాని, కింద రాసింది ఎప్పుడూ చదవలేదు.

"మా అమ్మమ్మ అక్క" అన్నాడు రే. "ఇరవై రెండేళ్ళకి పోయింది. ఈ నాడెల్ని ముద్దు నాడెలు అనేవారు. ఒకరు పీల్చింది ఇంకొకరు పీల్చేవాళ్ళు. ఒకరి ఊపిరితిత్తుల జబ్బు ఇంకొకరికి అంటుతుందని అందరికీ భయం. దాదాపు వందేళ్ళ కిందట ఈ రాష్ట్రంలో చట్టం పెట్టి మాన్పించారు. మొదటి రోజే నీకు చెప్పాల్సింది. తప్పు నాది. ఇంత బాగా పని వచ్చినదానివి, ఎవరో ఒకరు చెప్పే ఉంటారనుకున్నాను."

ఉమ వంగి, ఫోటో కింద రాసింది మొదటిసారి చదివింది. ఆ తర్వాత అంది.

"చెప్పింది. కొట్టి చెప్పింది."

"ఎవరు?"

"మా అమ్మ."

ఇంకా చెప్పాలనుకుంది గానీ, వేరే పెట్టుకున్న కంచానికీ, గోడవైపు తిప్పుకున్న మొహానికీ, చీపురుపుల్లకీ ఆమె దగ్గర ఇంగ్లీషు లేదు. ఎంగిలి అన్న మాటకి అసలే లేదు. అమ్మ రోత పడింది కూతురి ఎంగిలిని చూసి కాదు, తన ఎంగిలిని చూసి. తన నోరు తగిలిన నాడె కూతురి నోటికి తగలకూడదని కొట్టింది. ఆ ముక్క విప్పి చెబితే పెళ్ళికి అడ్డమవుతుంది. చెప్పకపోతే కూతురు తనని తిట్టుకుంటుంది. తిట్టుకుంటే తిట్టుకోనీ అనుకుని ఉంటుంది.

ఈలోగా రే డైరెక్టర్ దగ్గరికి వెళ్ళి వచ్చి, జేబులోంచి సన్నటి ఇనుప కొక్కెం తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. చీపురుపుల్లంత ఉంది.

"డైరెక్టర్‌తో నేను మాట్లాడాను. ఈ పూట దీంతో చేసి చూపించమంది. ఇంకోసారి నోరు పెడితే మాత్రం నేనూ కాపాడలేను. పిల్లలు ఇంకా ఉన్నారు, పద."

నాడెని రే శుభ్రంగా తుడిచి ఇచ్చాడు. ఉమ కొక్కేన్ని కన్నంలోకి దూర్చింది. దారం జారిపోయింది. మళ్ళీ దూర్చింది, మళ్ళీ జారింది. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. అమ్మ ఆ పుల్లతో రోజుకి ఎన్నిసార్లు ఇలా తిప్పలు పడిందో, అంత దగ్గుతూ, అంత నీరసంలో. తను గడప మీద కూర్చుని చూస్తూ, కావాలనే సాయానికి వెళ్ళలేదు. ఆరోసారికి దారం వచ్చింది.

పిడి లాగింది. మగ్గం కదిలింది. డైరెక్టర్ కాసేపు చూసి, రేకి తల ఊపి వెళ్ళిపోయింది. మూడో నంబరు మగ్గం ఉమదయింది. ఈ సంగతి చెప్పుకోవడానికి గురువారం రాత్రి దాకా మనిషి లేడు. వచ్చినా, మగ్గం సంగతి చెప్పగలదు గానీ ఆ చెంపదెబ్బ సంగతి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

అంత మోతలో పక్కన నిలబడి అరిచినా వినబడదు. అందుకే ఉమ గొంతు ఎత్తే అంది.

"నాకు తెలియలేదే అమ్మా. ఇన్నేళ్ళూ నిన్నే తిట్టుకున్నాను."

ఆ మాట ఆమె చెవికే అందలేదు. ఆమె పెదాలు కదలడం చూసి, తాడుకి అవతలున్న పిల్ల ఒకతి తనకేదో చెబుతోందనుకుని చెయ్యి ఊపింది. ఉమ కూడా చెయ్యి ఊపింది. అప్పటికి కండె మళ్ళీ అయిపోవచ్చింది. మగ్గం ఆపి, కొక్కెం అందుకుంది.