సగం రోజులు

కౌలురైతు తావెత్తి పొయ్యి ముందు గొంతుకూర్చుని సన్నపుల్లలు చీలుస్తున్నాడు. నాలుగు పుల్లలైనా కాకముందే అరచేతిలో పేడు దిగింది. భార్య ఎవెలీనా సూది తెచ్చి, ఆ చేతిని మంట వెలుగుకు తిప్పుకుని పేడు తీసింది. ఆమె వేళ్లు పాత మోకులా గరుకుగా ఉన్నాయి. హెల్సింకి చట్టసభలో కూర్చున్న రెండేళ్లూ అతని చేతిని పాస్టరుగారి చేతిలా మెత్తబరిచాయి.

ఈ గుడిసె, వెనకున్న బార్లీ చేను, ఆవు మేసే గడ్డి అన్నీ జమీవే. కౌలు కింద వారంవారం జమీలో పని రోజులు చెయ్యాలి. ఆ రోజులకు హద్దు పెట్టే చట్టం తెస్తానని చెప్పి అతను గెలిచాడు. చట్టం కొలిక్కి రాకముందే, దేశాన్నేలే రష్యా జారు చక్రవర్తి సభను రద్దు చేశాడు. పెట్టె పట్టుకుని తిరిగొస్తే ఇంటి కుక్కే మొరిగింది.

"ఇవాళ జమీకి నేనెళ్తాలే," అన్నాడు.

"వెళ్లు. నీదొక్క రోజైతే నావి రెండు."

"అదేంటి?"

"ఆడదాని రోజు సగమేనంట. నువ్వు రైలెక్కిన వారమే చెప్పాడు పెత్తందారు."

"నాకు కబురెందుకు పెట్టలేదు?"

"పెడితే వచ్చి పేడ ఎత్తేవాడివా? నయం, నీకు నేనేసిన ఓటు మాత్రం సగం అనలేదు."

ఆమె నడుము పట్టుకుని లేచింది. వచ్చి వారమైనా, ఆ వంగిన నడుము అతనికి ఇప్పుడే కనిపించింది.

బూట్ల మంచు దులుపుకుంటూ దర్జీ విహ్తోరి వచ్చాడు. ఆ ఊళ్లో పార్టీ పనులన్నీ అతనివే.

"మళ్లీ ఎన్నికలు, అన్నా. నీ పేరే పంపుతాం. సభలో నోరు విప్పింది ఒక్కసారి, అదీ కిటికీ మూయమనడానికి! అయినా మనకింకెవరున్నారు?"

"చలిగాలి కొట్టింది మరి," అన్నాడు తావెత్తి.

విహ్తోరి ఒక్కడే నవ్వాడు. "ఏం వదినా, పంపిస్తావా?"

ఎవెలీనా గిన్నెలో గంజి పోసుకుని బల్ల మీద పెట్టుకుంది.

'వద్దు' అన్న మాట తావెత్తి నాలుక మీదే ఉంది. కానీ కిందటేడు జమీవాళ్లు పక్క గుడిసెవాళ్లను మంచులోకి గెంటి, తలుపు పీకేశారు. మాట్లాడటం రాకపోయినా, సభలో ఓటుకు చెయ్యెత్తాల్సిన వేళ అతనేనాడూ తప్పలేదు. రేపు చట్టానికి ఆ ఒక్క చెయ్యే తక్కువైతే?

"రాసుకో," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

జమీ గంట మోగింది. తావెత్తి లేవబోయేసరికే ఎవెలీనా శాలువా తలకు చుట్టుకుని, మూలనున్న పార అందుకుంది. తలుపు దగ్గరగా లాగి వెళ్లిపోయింది.

బల్ల మీద ఆమె గంజి గిన్నె ఉంది. పైన తెట్టు కట్టింది, చెక్క చెంచా పక్కనే బోర్లించి ఉంది.